బండి పట్టా మొదలు రబ్బరు టైరు వఱకు: మొగిలి కనుమ బాట

చిత్తూరు నుండి పడమరగా బెంగుళూరు బాట పట్టి పోవువారికి బంగారుపాళెము దాటిన పిమ్మట మొగిలి కడ కొండలు ఎదురుపడును. ఆ కనుమ నెక్కి పీఠభూమి అంచున కాలుపెట్టినతోడనే గాలి చల్లబడును, బండి చప్పుడు సైతము వేఱగును. చిత్తూరు సముద్రమట్టమునకు సుమారు 1100 అడుగుల యెత్తున నుండగా పలమనేరు 2200 అడుగులకు పైబడి యున్నది. నీలగిరులు దొరలకు విడిదిగా మాఱక పూర్వము ఎండకు తాళలేని తెల్లయుద్యోగులు పలమనేరు చల్లదనమునే ఆశ్రయించుచుండిరని ఉత్తరార్కాటు జిల్లాను గూర్చిన పాత గెజిటీర్లు చెప్పుచున్నవి. పుంగనూరు, మదనపల్లె, కుప్పము కూడ ఇంచుమించు ఇదే యెత్తున నున్న పట్టణములే. అందు కుప్పమునకు 1864లోనే జోలార్‌పేట నుండి బెంగుళూరు పోవు రైలుదారి లభించెను; మదనపల్లెకు పాకాల-ధర్మవరము దారిపై ఊరికి దూరముగా ఒక స్టేషను దక్కెను; పుంగనూరు, పలమనేరులకు నేటికిని రైలు లేదు. కావున ఈ సీమకు ఉప్పైనను, ఫిరంగియైనను, పెండ్లివారైనను, వ్యాధిగ్రస్తులైనను వచ్చినది బాటపై దొర్లిన చక్రముల మీదనే.

చక్రమును గూర్చి వ్రాసినవారు సామాన్యముగా ఆకులను, ఇరుసును, వాని పనితనమును పొగడి, నేలను రాచుకొను అంచును మఱచిపోవుదురు. అఱిగిపోవునది అంచే, మార్చవలసినది అంచే, బండి మంచిచెడ్డలు తేలునదియు ఆ మార్పుననే. క్రొత్త చక్రమునకు తొడుగు వేయునప్పుడు చేసినవాని యూహ ప్రమాణము. అది అఱిగిన పిదప రెండవ తొడుగు వేయునప్పుడు మాత్రము ఏ బాటపై ఎట్లు అఱిగెనో చూచి, ఆ సాక్ష్యమును బట్టి ఎంచుకొనవలసి వచ్చును. మొగిలి కనుమ బాట ఇన్నూఱేండ్లకు పైగా ఈ సాక్ష్యమును పలుకుచునే యున్నది.

1791 ఫిబ్రవరిలో గవర్నరు జనరలు కారన్‌వాలిసు టిప్పుసుల్తానుపై దండు వెడలినప్పుడు, ఆంబూరు వైపు కనుమలకు పోవుచున్నట్లు నటించి, శత్రువు దృష్టి అటు మరలగానే వెనుదిరిగి, అడ్డగించువారు లేని మొగిలి కనుమ నెక్కి పలమనేరు చేరెను. అటనుండి ముళబాగిలు, కోలారుల మీదుగా నడచి మార్చి 21వ నాటి రాత్రి బెంగుళూరు కోటను పట్టుకొనెను. చరిత్రకారులు ఈ కథలో యుక్తిని మెచ్చుకొందురు. నాకు మాత్రము ఎత్తిపోతల వలె నిలిచిన ఆ దారిలో ముట్టడి ఫిరంగులను పైకి లాగిన యెడ్లు, వెనుకనుండి నెట్టిన యేనుగులు, రాళ్ళపై కీచుమన్న ఇనుప పట్టాలు ముందుగా తోచును. తుపాకిమందు లేక ఓడిన సేనలను గూర్చి వినియున్నాము. చక్రము విఱిగి దారిలో నిలిచిపోయిన సేనలను గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఆ నాటి పట్టా యనగా కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి చక్రమునకు తొడిగిన ఇనుప కడియము. వడ్రంగి తుమ్మకఱ్ఱ వంటి గట్టి చేవకఱ్ఱతో కుండను, ఆకులను, వలయపు చెక్కలను కూర్చి చక్రమును సిద్ధపఱచును. కమ్మరి దాని చుట్టుకొలతను తీసి, అంతకంటె కించిత్తు తక్కువ చుట్టుకొలత గల కడియమును అదికి, చుట్టును పిడకలు పేర్చి కాల్చును. కాలిన ఇనుము వ్యాకోచించి చక్రముపై దిగగానే నీళ్ళు గ్రుమ్మరింతురు; ఆవిరి లేచి, ఇనుము సంకోచించి, వదులుగా నున్న కఱ్ఱకీళ్ళనన్నింటిని ఒక్కసారిగా బిగించివేయును. మేకు అక్కఱలేదు, జిగురు అక్కఱలేదు. కొలత తక్కువైనచో ఆకులు వంగిపోవును, ఎక్కువైనచో పది క్రోసులు పోవునప్పటికి పట్టా ఊడి దారిలో దొర్లును. ఆ రెంటికి నడుమ నున్న సన్నని మేర యొక్క జ్ఞానమే కమ్మరి విద్య. పట్టా అఱుగుట కంటె వదులగుట తఱచు జరుగును. రాయలసీమ వేసవిలో కఱ్ఱ ఎండి ముడుచుకొనును, ఇనుము ముడుచుకొనదు. అందుచేత బండివారు రాత్రివేళ చక్రములను చెఱువునీట నుంచి కఱ్ఱను ఉబ్బించుటయు, అదియు చాలనినాడు కమ్మరి కడకు పోయి పట్టాను కోయించి, తగ్గించి, తిరిగి అతికించి తొడిగించుకొనుటయు వాడుక. బండి పట్టా మార్చుట అనునది ఇట్లు వాతావరణముతో ముడిపడిన పని; మైలురాళ్ళ లెక్కతో కాదు, ఎండల లెక్కతో జరుగు పని.

ఎక్కుట యెద్దు పని, దిగుట చక్రపు పని. పైకి పోవునప్పుడు ఎంత బరువైనను ఇంకొక జత యెడ్లను కట్టి లాగించవచ్చును. దిగునప్పుడు బరువు తానే ముందుకు త్రోయును. నున్నని ఇనుము రాతిపై జాఱును. అడ్డుకఱ్ఱ బిగించినచో పట్టా ఒకే చోట రాచుకొని చదునగును, చదునైన పట్టా మఱునాడు మెట్టపై దడదడలాడును. పుంగనూరు పొట్టియావులు లోకప్రసిద్ధములు. 70 నుండి 90 సెంటిమీటర్లకు మించి యెదుగని ఆ జాతిని నేడు పలమనేరు పశుపరిశోధనా కేంద్రమున రక్షించుచున్నారు. అవి పాడికిని, తేలిక సేద్యమునకును తగినవే గాని, కనుమ దిగు పెనుబరువును కాడిపై ఆపుటకు మైసూరు సీమ హళ్ళికారు వంటి పెద్దయెడ్లే కావలెను.

ఇనుప పట్టా బాటకు శత్రువు. పల్లపు నేలలో అది గాడి చేయును, గట్టుదారిలో కంకరను పొడిచేయును. ఆ గాడియే తరువాతి బండికి దారిచూపును, లోతు పెంచును. రబ్బరు ఈ వైరమును తీర్చుటకు వచ్చెను గాని నేరుగా రాలేదు. చార్లెసు గుడ్‌ఇయరు గంధకముతో రబ్బరును కాచి గట్టిపఱచు విధమును 1839లో కనిపెట్టెను. 1845లో రాబర్టు విలియం థామ్సను గాలి నింపిన చక్రమునకు హక్కుపత్రము పొందెను, కాని కొనువారు లేక అది మఱుగునపడెను. 1888లో బెల్‌ఫాస్టు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై అదే యుపాయమును మరల కనిపెట్టి, అప్పటికే సైకిలు పుట్టి యుండుటచే, విఖ్యాతుడయ్యెను. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్-బోర్డో పందెములో గాలిటైర్ల మోటారును నడిపిరి; దారిపొడవునను పంక్చర్లు పడుచునే యుండెను, గెలుపు దక్కలేదు; అయినను చూచినవారికి రాబోవు కాలము కనబడెను. మొదట టైరు తెల్లనిది, బూడిద వన్నెది. మసిని కలిపినచో రబ్బరు పలురెట్లు మన్నునని తెలిసిన పిదపనే అది నల్లబడినది.

మోటారు బస్సులు కనుమ నెక్కజొచ్చిన తొలినాళ్ళలో టైరు ధర సామాన్యుని ఊహకందనిది. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో జపానువారు మలయాను ఆక్రమింపగా రబ్బరు కఱవు ఏర్పడెను. పెట్రోలు చీట్లపై వచ్చెను, టైర్లు అనుమతులపై వచ్చెను, బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలు వెలసెను. బొగ్గుగ్యాసుతో నడుచు బస్సు కనుమపై ఆయాసపడి నిలిచినప్పుడు ప్రయాణికులు దిగి నెట్టుట ఆ తరమువారికి ముచ్చటైన స్మృతి. టైరు అతుకులపై అతుకులు వేసికొనుచు, లోపల పాత టైరు ముక్కను ఇఱికించి, గుడ్డలు చుట్టి, ఎట్లో నడపుట ఆనాటి విద్య.

యుద్ధమునకు ముందే, 1930లలో, డన్లప్ కంపెనీ ఎద్దుబండికి గాలిటైర్లను అమ్మజూపెను. 1936లో వంగదేశపు సాహాగంజిలో కర్మాగారమును నెలకొల్పెను. టైరు బండి ఇనుపపట్టా బండికంటె తేలికగా దొర్లును, అవే యెడ్లు ఎక్కువ బరువును లాగును, బాట గాడిపడదు. అయినను పల్లెవాడు తొందరపడి మారలేదు. ముల్లుగ్రుచ్చుకొన్నచో ఇనుము నవ్వును, రబ్బరు ఏడ్చును. కమ్మరి ఊరిలో నుండును, పంక్చరువాడు పట్టణములో నుండును. పట్టాకు అప్పు దొరకును, టైరుకు రొక్కము కావలెను. 1970లలో బెంగుళూరు మేనేజిమెంటు విద్యాసంస్థ తొలి డైరెక్టరు ఎన్. ఎస్. రామస్వామి ఎద్దుబండి సంస్కరణకై దేశమంతట ప్రచారము సలిపి, కాడి రాపిడిని, చక్రపు బరువును లెక్కలతో చూపుచుండగా, పక్కనే యున్న ఈ పీఠభూమి రైతులు చెఱకుబండికి, ఇటుకబండికి టైర్లు, పొలపుబండికి పట్టాలు ఉంచుకొని, రెంటిని తమ పనిని బట్టి విభజించుకొనిరి. అది మొండితనము గాదు, ఎంపికయే.

టైరు వ్యాపారము ఈ దిక్కునకు దగ్గఱయైనది చెన్నపట్టణము వలన. 1946లో కె. ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై తిరువొత్తియూరులో పిల్లలాడుకొను బుడగలతో ఆరంభించిన మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీ, 1952లో టైరు పైపొరకు వలయు రబ్బరుపట్టీలలో ప్రవేశించి, 1961లో టైరును చేసెను. డన్లప్ 1959లో అంబత్తూరుకు వచ్చెను. లారీలవారికి పైపొర రబ్బరు వచ్చుటయే పెద్ద మేలు. అఱిగిన టైరు పొట్టును గీకి, ద్రావకము పూసి, క్రొత్త రబ్బరును అతికి, వేడి అచ్చులో ఉడికించు ఈ పనిని లారీవారు రీబటన్ అందురు. ముందుచక్రములకు క్రొత్తవి, వెనుక జంటచక్రములకు రీబటన్‌వి అను పద్ధతిని కనుమ తెలిసినవారు అతిక్రమింపరు: వెనుక జంటలో ఒకటి పగిలినను రెండవది మోయును, ముందుది పగిలినచో స్టీరింగు చేతిలో నుండదు. మదనపల్లె టమాటా అంగడి నుండి చెన్నైకి రేయంతయు దిగు లారీలను చూడుడు. పండు మెత్తబడకమునుపే చేరవలెనని తొందర, కనుమ తొందరపడనీయదు. డ్రైవరు కింది గేరులో దింపుకొనుచు మధ్య మధ్య ఆగి రబ్బరు వేడిని అఱచేతితో తాకి చూచుకొనును.

ఇంతవఱకు చెప్పినది భారముల కథ. వేగముల కథ వేఱు. చెన్నై శివారున యుద్ధకాలపు విమానరంగము షోలవరము. అచ్చట 1950ల నుండి కారు పందెములు జరిగినవి. అంబాసిడరు 5.90-15 కొలత టైరుతోను, ప్రీమియర్ పద్మిని 5.20-14తోను కాలము గడపిన ఆ దశాబ్దములలో విదేశపు స్పోర్ట్సు కారు గలవాడు సంపన్నుడే, కాని టైరు విషయమున దీనుడు. దిగుమతి కట్టుబాట్ల వలన సరియైన కొలత దొరకక, దొరికిన దానితో సర్దుకొనుచుండెను. దారాలను ఏటవాలుగా కాక అడ్డముగా పఱచి, పైన ఉక్కుపట్టీ వేయు రేడియల్ పద్ధతికి మిషెలిన్ 1946లోనే హక్కుపత్రము పొందినను, మన దేశమున జె. కె. టైర్ 1977లో గాని రేడియల్ చేయలేదు. 1991 పిదప సంగతి మాఱెను. బెంగుళూరు ధనికులైన యువకులు నేడు వారాంతమున పీఠభూమి మీదికి, ముఖ్యముగా మదనపల్లె పొరుగున నున్న హార్స్‌లీ కొండకు, వేగపు కార్లను తీసికొనివత్తురు. కడప కలెక్టరు హార్స్‌లీ కట్టుకొన్న బంగళా వలన పేరుపడిన ఆ కొండ 4000 అడుగులకు మించిన యెత్తుది. వంకరలు తిరుగు దారి దానికి కీర్తియు, కార్లకు పరీక్షయు.

ఇట్టి కారుకు టైర్లు మార్చుకొనువాడు అంగడికి పోయి ‘అవే పెట్టుడు’ అనుట సులభమైన మార్గము, సర్వదా తప్పు మార్గమును కాదు. టైరు చెక్కిలిపై 245/40 ఆర్ 18 93 వై అని యుండుననుకొందము: 245 మిల్లీమీటర్ల వెడల్పు, చెక్కిలి యెత్తు వెడల్పులో నూటికి 40 వంతులు, రేడియల్, 18 అంగుళముల చక్రము, 93 అను సంఖ్య ఒక టైరు 650 కిలోల భారము మోయగలదని, వై అను అక్షరము గంటకు 300 కిలోమీటర్ల వేగమునకు తాళునని తెలుపును. హెచ్ అయినచో 210, వి అయినచో 240, డబ్ల్యు అయినచో 270. ‘హార్స్‌లీ కొండపై 300 ఎవడు నడపును? హెచ్ చాలును’ అని వాదించువారు గలరు. ఆ వాదము నాకు నచ్చదు. వేగపు అక్షరము వేగమునకే కాదు. ఆ వేగమునకు తాళు గట్టిదనము టైరు పొరలలో నుండుటచేత, గబుక్కున బ్రేకు వేసినప్పుడు, వంపులో తిరిగినప్పుడు అది వంగక నిలుచును. కారు చేసినవారు నియమించిన అక్షరము కంటె తగ్గుట కనుమదారిలో ఎవ్వరికిని మంచిది గాదు. పోర్షె వారు తాము పరీక్షించి అంగీకరించిన టైర్లపై ‘ఎన్’ అను గుర్తు వేయించుదురు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే కొలత గల టైర్లలోను ఆ గుర్తు గలది లేనిదానికంటె లోపలి కూర్పులో వేఱై యుండవచ్చును. గుర్తు గలదానిని, లేనిదానిని ఒకే కారున కలుపుట అవివేకము.

నేలను తాకు భాగము ఒక్కొక్క టైరునకు మనిషి అఱచేతికంటె ఏ కొంచెమో పెద్దది. ఆ నాలుగు తావులలోనే కారు బ్రదుకు. మెత్తని రబ్బరు నేలను గట్టిగా పట్టుకొనును, త్వరగా అఱుగును. గట్టిది చాలకాలము మన్నును, వానలో జాఱును. మన సీమలో ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరు, నవంబరులలో కనుమలను తడిపినప్పుడు గాడులు లోతుగా నుండి నీటిని వెలికిత్రోయవలెను, 1.6 మిల్లీమీటర్లకు గాడి దిగినచో చట్టము ఒప్పదు, కాని తడిబాటకు అంతకు ముందే ఆ టైరు వృద్ధమైనట్లు లెక్క. రెండే క్రొత్తవి కొనువారు వానిని ముందుచక్రములకు పెట్టింపబోదురు, తాము చూచునది, త్రిప్పునది ముందుచక్రము గనుక. దిగుడులో బరువు ముందుకు వంగి వెనుకభాగము తేలికబడును. అఱిగినవి వెనుకనున్నచో తోక కొట్టుకొని కారు అడ్డముతిరుగును. కావున క్రొత్తవి వెనుకకే. ముందు, వెనుక కొలతలు వేఱుగా నున్న కార్లలో ఈ వివాదమే రాదు. అచ్చట నాలుగింటిని ఒక్కసారి మార్చుటయే ధనవంతునకు తగిన పొదుపు. ఇక పల్లెల నడుమ వేగనిరోధకపు గుట్టలు, వానకాలపు గుంటలు గల మన దారులకు 35 వంతుల చెక్కిలి గల టైరు కంటె, బ్రేకులకు అడ్డురానంతవఱకు, చక్రమును ఒక అంగుళము తగ్గించి చెక్కిలిని పెంచుకొనుటయే నా దృష్టిలో రసజ్ఞత. అందము కొంచెము తగ్గును, అంచు బుడగలెత్తదు.

బాటను ముందుగా ఎఱిగినవాడు గెలుచుననుటకు తెలుగువారి యింటిదే యొక ఉదాహరణము కలదు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమున బుట్టిన నరేన్ కార్తికేయన్ ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడు. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిసు పందెమునకు 20 కార్లు వచ్చినవి; అందు 14 మిషెలిన్ టైర్లవి. వాలుగా లేచిన 13వ మలుపులో ఆ టైర్లు తాళవని అభ్యాసమునందే తేలెను. ఆ యేడు పందెము నడుమ టైరు మార్పు నిషిద్ధము. 14 కార్లు ఒక చుట్టు తిరిగి వెనుదిరిగినవి. బ్రిడ్జిస్టోన్ టైర్ల 6 కార్లు మాత్రమే పరుగెత్తినవి. జోర్డాన్ కారుతో నరేన్ నాల్గవవాడై మన దేశమునకు ఆ క్రీడలో మొట్టమొదటి పాయింట్లను తెచ్చెను. బ్రిడ్జిస్టోన్‌కు చెందిన ఫైర్‌స్టోన్ అదే ప్రాంగణమున ఇండీ 500 పందెములకు టైర్లు ఇచ్చుచుండుటచేత ఆ నేల గుణమును వారెఱుగుదురు. గెలిచినది నడిపినవాని నేర్పా, నేలనెఱిగినవాని నేర్పా అని అడుగువారికి రెండును అనుటయే న్యాయము. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు తీరమున జరిగిన ఫార్ములా ఇ పందెములోనో, ఎండకైనను, వానకైనను అందఱికిని హాంకుక్ వారి ఒకే టైరు. ఎంపిక లేని చోట చర్చ లేదు.

నేటి కొనుగోలుదారుకు ఎంపిక పెరిగినది, లభ్యత పెరుగలేదు. 2020 జూనులో కేంద్ర ప్రభుత్వము క్రొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు గలవారికే పరిమితము చేసెను. ఇక్కడ తయారు గాని పెద్ద కొలతల కొఱకు కార్లవారు ఎదురుచూడవలసి వచ్చెను. అదే యేట పూర్వపు చిత్తూరు జిల్లాలోనే, నేడు తిరుపతి జిల్లాలో చేరిన చినపాండూరున, అపోలో కంపెనీ కర్మాగారము ఉత్పత్తిని ఆరంభించినది. కొనునప్పుడు చెక్కిలిపైని నాలుగు అంకెలను చదువుట మఱవరాదు: మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. దూరము తక్కువ నడచి షెడ్డులో నిలిచియున్న కారుకు గాడి లోతుగానే యుండి, రబ్బరు మాత్రము ఎండి గట్టిబడియుండును.

మఱొక మాట. వేగపు కార్లలో పెక్కింటికి స్టెప్నీ యుండదు. దాని చోట ఒక జిగురు సీసా, ఒక చిన్న గాలిపంపు ఉంచుదురు. మేకు గ్రుచ్చిన చిన్న రంధ్రమునకు అవి చాలును. చెక్కిలి చీలినచో బంగారుపాళెము, పలమనేరుల నడుమ దారిపక్కనున్న ఏ పంక్చరు దుకాణమువాడును దానిని బాగుచేయజాలడు, చేయనని ముఖముమీదనే చెప్పును. లారీ ట్యూబులకు, ట్రాక్టరు టైర్లకు అలవాటుపడిన ఆతడు తన సన్నని మట్టు కడ్డీలతో ఆ 18 అంగుళముల మెఱుగు చక్రమును తాకుటకు సైతము జంకును. అప్పుడు బల్లలారీని పిలిపించి, కారును దానిపై నెక్కించి, బెంగుళూరునకో చెన్నైకో పంపించవలసినదే. కావున మొగిలి దారి వెళ్ళదలచిన స్పోర్ట్సు కారువారు క్రొత్త టైర్లు కొనునాడే, జతకు సరిపోవు ఐదవదానిని కూడ కొని యింట నుంచుకొనుట మేలని నా అభిప్రాయము. మూడేండ్ల తరువాత అదే టైరు అదే కూర్పుతో దొరకునని కంపెనీలు మాట యీయవు.